నల్లగొండ ల్యాబ్‌లో 20 బిట్ల యాక్సెలరోమీటర్: మూడు నెలల వాడకం

ఉపగ్రహాల నుంచి భూమి గురుత్వాన్ని ఎలా కొలుస్తారో డిగ్రీ విద్యార్థులకు చేతికందేలా చూపించాలని, నల్లగొండలోని మా భౌతికశాస్త్ర ల్యాబ్‌కు తపాలా బిళ్లంత మెమ్స్ (చిప్‌లో ఇమిడిన సూక్ష్మ యంత్రం) యాక్సెలరోమీటర్ మాడ్యూల్, అంటే త్వరణాన్ని కొలిచే సెన్సరు ఒకటి తెప్పించాం. 2 జి (జి అంటే భూమి గురుత్వ త్వరణం) పరిధిలో ఇది చూపగల అతి చిన్న మెట్టు 3.9 మైక్రో జి, అంటే గురుత్వ త్వరణాన్ని పది లక్షల వంతులు చేస్తే అందులో సుమారు నాలుగు. వైర్లు కలపడం తేలిక, ప్రోగ్రాము మొదటి రోజే నడిచింది.

వంపును ఇది అద్భుతంగా పట్టుకుంటుంది. టేబుల్ అర డిగ్రీ వాలితే నిలువు రీడింగు 38 మైక్రో జి తగ్గాలని పిల్లలు ముందే లెక్కగట్టారు, తెర మీద దాదాపు అంతే కనిపించింది.

ఇబ్బందంతా వేడితోనే. ఏప్రిల్‌లో ఒక రోజు ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా కదపకుండా ఉంచితే, గది ఎనిమిది డిగ్రీలు వేడెక్కేసరికి రీడింగు 400 మైక్రో జి దాకా జరిగిపోయింది. కింది నుంచి 10 మీటర్ల ఎత్తున్న డాబా మీదికి తీసుకెళ్తే గురుత్వం తగ్గేది దాదాపు 3 మైక్రో జి మాత్రమే కనుక, ఆ తేడాను దీనితో చూడాలనుకోవడం వృథా. థర్మాకోల్ పెట్టెలో ఉంచి, మాడ్యూల్‌లోనే ఉన్న ఉష్ణోగ్రత సెన్సరుతో దిద్దాక దోషం చాలావరకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

అమ్మకందారు 'ఉపగ్రహ గురుత్వ కొలతలకు అనువైనది' అని రాయడం మాత్రం సరికాదు. కక్ష్యలో ఉపగ్రహమూ సెన్సరూ కలిసే పడుతుంటాయి కాబట్టి, ఒక్క యాక్సెలరోమీటర్ అక్కడ గురుత్వాన్ని చూడదు. పలుచని గాలి ఒరిపిడినీ సూర్యకాంతి ఒత్తిడినీ మాత్రమే చూస్తుంది. 2002లో ఎగిరిన గ్రేస్ జంట ఉపగ్రహాలు తమ మధ్య ఉన్న సుమారు 220 కిలోమీటర్ల దూరంలోని మార్పులతో గురుత్వాన్ని లెక్కించాయి, వాటిలోని యాక్సెలరోమీటర్ల పని ఆ ఒరిపిడి ప్రభావాన్ని లెక్కలోంచి తీసివేయడానికి సాయపడటం. 2009 నాటి గోచె ఉపగ్రహం అర మీటరు ఎడంతో జతలుగా అమర్చిన ఆరు యాక్సెలరోమీటర్ల తేడాలను కొలిచింది. వాటి సున్నితత్వం మా మాడ్యూల్ చూపే మెట్టు కంటే కోట్ల రెట్లు సూక్ష్మం. క్యూబ్‌శాట్ అనే చిన్న పెట్టెలాంటి ఉపగ్రహంలో పట్టేంత చిన్న పరికరానికి ఆ నిలకడ తేవడమే అసలు కష్టమని, మా గది వేడిని చూశాక పిల్లలకు విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

మన బోర్లలో నీళ్లు తగ్గడం గ్రేస్ లాంటి ఉపగ్రహాలకు కనిపిస్తుందా అని ఒక అమ్మాయి అడిగింది. కొన్ని వందల కిలోమీటర్ల మేర కలిపి చూస్తే కనిపిస్తుంది, ఒక్క మండలంగా విడదీసి కాదు.

బోధనకు ఐదింటికి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది, ఒక్కో డిగ్రీ వేడికి రీడింగు ఎంత జరుగుతుందో చెప్పే అంకెను అమ్మకందారు ఇవ్వనందుకు.