చెట్టు కొట్టడంలో వంక లేదు, మోడు దగ్గరే నా పేచీ

చెట్లు కొట్టే, కొమ్మలు కత్తిరించే కంపెనీ గురించి ఎవరు రాసినా రేటెంత, చెప్పిన టైముకి వచ్చారా, కొమ్మలు ఎత్తుకెళ్లారా అన్నవే రాస్తారు. వాటి మీద నేను ఎక్కువ రాయను. నేను పిలిచే కంపెనీ వాళ్లు వస్తారు, ఊడ్చి మరీ వెళ్తారు, రేటు అడ్డా మీద దొరికే కూలీల కన్నా బాగా ఎక్కువ. ఐదారేళ్లుగా వాళ్లనే పిలుస్తున్నాను, ఇక ముందు కూడా పిలుస్తాను. అయినా ఒక్క విషయంలో వాళ్ల మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు. చెట్టు కొట్టాక మిగిలినదాన్ని నేలమట్టానికి కోసి, పైన ఇంత ఎర్రమట్టి చల్లి, "అంతా క్లీన్ మేడమ్" అని డీసీఎం వ్యాను ఎక్కి వెళ్లిపోతారే, ఆ మోడు విషయంలో.

మా ఇల్లు ఎక్కడుందో చెప్పకపోతే ఈ పేచీ అర్థం కాదు. జూబ్లీహిల్స్ నుంచి కృష్ణానగర్ వైపు దిగే వాలులో పాత ఇల్లు మాది. గుట్ట మీద చదును నేల ఎక్కడిది? వెనక పెరడంతా ఎప్పుడో మట్టి పోసి నింపిందే. ఆ మట్టిని ఆపుతున్నది ఒక రాతి గోడ. గోడకి అవతల, మనిషి ఎత్తుకి పైగా కింద, అంకుల్ వాళ్ల ఇల్లు. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం కురిసేది 80 సెంటీమీటర్లకి అటూ ఇటూ. అదేమంత పెద్ద లెక్క కాదు. కానీ అందులో పది సెంటీమీటర్లు ఒక్క సాయంత్రమే కుమ్మరిస్తే ఆ నీళ్లన్నీ మా వీధుల్లోంచే కిందికి దూకాలి. ఎంత జోరుగా దూకుతాయో కృష్ణానగర్‌లో వానకి బండి కొట్టుకుపోయిన వాళ్లని అడగండి.

గోడకి నాలుగైదు అడుగుల దూరంలో పెద్ద గుల్మొహర్ ఉండేది. పువ్వు ఎంత అందమో కొయ్య అంత పెళుసు. వేళ్లు కూడా లోతుకి పోవు. మే నెలలో ఈదురుగాలి లేచిందంటే ఊళ్లో ముందు కార్ల మీద పడేది ఈ చెట్లే. 2020 అక్టోబర్ వానకి మాది గోడ వైపు ఒరిగింది. మొదలు దగ్గర గట్టి పుట్టగొడుగులు అరలు అరలుగా బయటికొచ్చి ఉన్నాయి. కంపెనీ సూపర్‌వైజర్ వచ్చి చిన్న సుత్తితో చుట్టూ కొట్టి విని, "లోపల డొల్ల మేడమ్, అంకుల్ వాళ్లింటి మీద పడకముందే దించాలె" అన్నాడు. మన ఆవరణలో ఉన్న చెట్టయినా, నీళ్లు, నేల, చెట్ల రక్షణకి ఉన్న వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేకుండా కొట్టకూడదు. ఫొటోలు, దరఖాస్తు, తిరుగుడు అంతా వాళ్లే చూసుకున్నారు. ఇందులో నాకు రవ్వంత టెన్షన్ కూడా లేకుండా చేశారు, ఒప్పుకుంటాను.

మరుసటేడు వేసవి మొదట్లో కొట్టారు. ఆ పని చూసి తీరాలి. పక్కనే కరెంటు తీగలున్నాయి కాబట్టి లైన్‌మన్‌తో మాట్లాడి ఎల్‌సీ, అంటే పని అయ్యేదాకా లైను ఆపే అనుమతి, తీసుకుని, కరెంటు ఆగిందని రూఢి అయ్యాకే కుర్రాడు చెట్టెక్కాడు. ప్రతి కొమ్మకీ ముందు కింది నుంచి చిన్న గాటు, తర్వాత కాస్త అవతలగా పైనుంచి కోత. అలా కోస్తే కొమ్మ తన బరువుకే చీలి బెరడంతా ఒలుచుకుంటూ పడదు. కొమ్మకి కట్టిన మోకుని మాను చుట్టూ రెండు చుట్లు తిప్పి కింద ఇంకొకడు పట్టుకుని, వదులుతూ వదులుతూ దించాడు. కోత పూర్తయ్యాక కొమ్మ గాల్లో ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే కదిలేది. అంకుల్ వాళ్ల రేకుల షెడ్డు మీద ఆకు రాలిందేమో గానీ పుల్ల పడలేదు. కట్టె వాళ్లే తీసుకుని ఆ మేరకు రేటు తగ్గించారు. రంజాన్ ముందైతే హలీం భట్టీల వాళ్లు కట్టె కోసం వెంటపడతారట, అప్పుడు కొట్టిస్తే ఇంకాస్త తగ్గేదట! ఆ రోజే ఈ సమీక్ష రాసి ఉంటే ఐదుకి ఐదు చుక్కలు ఇచ్చేదాన్ని.

మోడు సంగతి ఆ రోజే అడిగాను. "అది తియ్యాలంటే జేసీబీ గావాలె మేడమ్. మీ సందుల చిన్నది గూడ పట్టది. ఏం గాదు, ఎండిపోతది" అన్నాడు సూపర్‌వైజర్. బిల్లు మీద కూడా "గుల్మొహర్ 1, నేలమట్టం వరకు తొలగింపు" అనే ఉంది. అంటే మోసమేమీ లేదు, రాసిందే చేశారు.

మొదటి వానాకాలం ఏమీ కాలేదు. మోడు అంచున నాలుగు చిగుళ్లొస్తే గిల్లేశాను. మళ్లీ చిగురించకుండా మోడుకి బొక్క పెట్టి ఇంగువ కూరమంది పక్కింటావిడ. ఇంగువ రేటు తలుచుకుని ఊరుకున్నాను. మరుసటేడు చిగుళ్లు ఆగిపోయాయి, తెల్ల పుట్టగొడుగులొచ్చాయి, మట్టి కొద్దిగా దిగింది. ఒక తట్ట మట్టి పోయించాను. 2023 సెప్టెంబర్ మొదట్లో స్కూళ్లకి సెలవిచ్చిన పెద్ద వాన గుర్తుందా? ఆ పొద్దున అంకుల్ ఫోన్ చేసి, "అమ్మా, ఒకసారి కిందికొచ్చి మీ గోడ చూడండి" అన్నారు.

గోడ అడుగున నీళ్లు పోవడానికి వదిలిన కంతలు పొడిగా ఉన్నాయి. వాటికి రెండడుగుల పైన, రాళ్ల అతుకుల్లోంచి ఎర్రటి బురద నీళ్లు చిమ్ముతున్నాయి. గోడ మధ్యలో పొట్ట వచ్చింది. పైకెక్కి చూస్తే మోడు ఉన్నచోట బకెట్ పట్టేంత గుంత. పెరట్లో పారే నీళ్లన్నీ వచ్చి అందులోకి దిగుతున్నాయి. దిగుతున్నాయే గానీ గుంత నిండట్లేదు! కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. మా వారు టార్పాలిన్ తెచ్చి గుంత మీద కప్పి, నీళ్లు అటు రాకుండా ఇసుక బస్తాలు అడ్డం వేశారు. అంకుల్ ఆ గోడ వైపు గది ఖాళీ చేయించి పిల్లల్ని ముందు గదిలో పడుకోబెట్టారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇంకా సిగ్గయింది.

కంపెనీకి ఫోన్ చేస్తే మర్నాడే వచ్చారు, అది చెప్పాలి. చూశారు, ఫొటోలు తీసుకున్నారు. "గోడ మా పని కాదు మేడమ్, సివిల్ వాళ్లని పిలవండి" అన్నారు. కావాలంటే మోడుకి బెజ్జాలు వేసి మందు పోస్తామన్నారు. చచ్చిపోయిన మోడుకి మందెందుకో నాకు అర్థం కాలేదు.

సివిల్ వాళ్లంటే మాకు తెలిసిన మేస్త్రీయే. వాన తెరిపిచ్చాక గడ్డపారతో గుంత పక్కన తవ్వించాడు. రెండడుగులు పోగానే ఖంగుమంది. కింద ఒకటే పరుపు బండ. ఈ గుట్టల మీద చాలాచోట్ల ఇంతే, పైన కాస్త మట్టి, దాని కింద రాయి. వేరు దిగడానికి చోటుండదు, పెనం మీద పోసిన దోసెపిండిలా పక్కలకి పరుచుకోవాల్సిందే. మా చెట్టు వేళ్లు బండని పట్టుకుని పాకుతూ తిన్నగా గోడ దాకా పోయాయి. లోపలి కొయ్య కుళ్లి పిప్పయి కొట్టుకుపోయింది. పైబెరడు మాత్రం అలాగే నల్లగా మిగిలింది. మేస్త్రీ ఒకదాంట్లోకి మోచెయ్యి దాకా చెయ్యి పెట్టి తీస్తే వేళ్ల నిండా ఎర్ర బురద, నాలుగు చెద పురుగులు. "నీళ్లు గోడ మీదికెల్లి రాలే అమ్మా, మీ చెట్టు వేర్ల బొక్కలకెల్లి వస్తున్నయ్. మీరే పైపులేసి గోడ వెనకకి నీళ్లు పెట్టినట్టయింది" అన్నాడు.

చెట్టు బతికున్నంత కాలం ఆ వేళ్లే మట్టిని పట్టి ఉంచాయి, ఆ ఆకులే నేలలోంచి నీళ్లు తాగాయి. కొట్టిన రోజునే రెండూ ఒకేసారి పోలేదు. నీళ్లు తాగడం ఆ రోజే ఆగింది, పట్టు మాత్రం మెల్లగా, కొన్నేళ్ల మీద వదులుతూ వచ్చింది. అందుకే మొదటి వానకి ఏమీ కాకుండా మూడో వానాకాలానికి బయటపడింది. ఆ మధ్యలో కొత్త వేళ్లు మట్టిలోకి దిగేలా ఏదైనా నాటి ఉంటే, పైనీళ్లు మోడు దగ్గరికి పోకుండా చిన్న కాలువ తీసి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదని మేస్త్రీ లెక్క. ఆ కాలువ ఒక పూట పని.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చెట్టు కొట్టిన రోజే మోడు పీకించి ఉంటే బాగుండేదా అని అడిగితే, వద్దే వద్దన్నాడు. పచ్చి వేళ్లు గోడ రాళ్లని కరుచుకుని ఉన్నాయి, లాగితే గోడ కూడా వచ్చేసేదట. అంటే మోడు వదిలెయ్యడం తప్పు కాదు! నా కోపమల్లా తర్వాత జరిగేది తెలిసీ చెప్పకపోవడం మీద. ఇలాంటి వాలు మీద వాళ్లు ఎన్ని చెట్లు కొట్టి ఉంటారు? మూడేళ్లకి ఏమవుతుందో నాకు తెలియదు, వాళ్లకి తెలుసు. "ఏం గాదు" అనే బదులు ఒక్క ముక్క, "నీళ్లు అటు పోకుండా చూసుకోండి మేడమ్" అని ఉంటే సరిపోయేది.

గోడని పొట్ట వచ్చిన మేర విప్పి మళ్లీ కట్టించాం. వెనక మట్టికి బదులు కంకర పోసి, మట్టి కొట్టుకురాకుండా ఫిల్టర్ బట్ట పరిచి, కొత్తగా పీవీసీ పైపులు పెట్టించాం. చెట్టు కొట్టడానికి ఇచ్చింది రూ. 28,000. గోడకి అయింది దానికి నాలుగింతలు. పైన గోడ వెంబడి వట్టివేరు నాటాను, దాని వేళ్లు పక్కలకి పోకుండా నిలువుగా దిగుతాయి. బండ తగిలాక అదైనా ఏం చేస్తుందో చూడాలి. ఇప్పటికైతే పచ్చగా, ఒత్తుగా ఉంది, రెండు వానాకాలాలు గోడ తడిసింది గానీ కదల్లేదు.

ఇంత జరిగాక కూడా వాళ్లనే ఎందుకు పిలుస్తున్నానంటే, ముందు వైపు నిద్రగన్నేరు ఉంది. దాని కొమ్మలు మా డాబా దాటి రోడ్డు మీదికి పోయాయి. అంత ఎత్తులో తాడు మీద వేలాడుతూ పని చేసేవాళ్లు అడ్డా మీద దొరకరు. దొరికినా తల నరికేసి పోతారు. తల నరికిన చెట్టుకి ఆ కోతల దగ్గర గుబురుగా పలచని కొమ్మలొచ్చి, తర్వాత అవే గాలికి ఊడిపడతాయి. వీళ్లు ఏటా వానలకి ముందు వచ్చి పలచన చేసి వెళ్తారు. ఇందాక కోత గురించి అంతగా పొగిడాను గానీ, మొన్నటేడు వచ్చిన కొత్త కుర్రాడు లోపలి రెమ్మలన్నీ తీసేసి కొసల్లో మాత్రం ఆకులు వదిలాడు. చూడ్డానికి శుభ్రంగానే ఉంది. మే నెల గాలికి ఆ కొసలు బరువుకి ఊగి ఊగి ఒక కొమ్మ నడిమికి విరిగింది. రోడ్డు మీద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. పనితనం ఎక్కే మనిషిని బట్టి మారుతుంది, కంపెనీ పేరు చూసి నిశ్చింతగా ఉండలేం. మొదట వచ్చిన కుర్రాడే కావాలని ముందే అడిగి పెట్టుకోండి.

వాళ్లకి దక్కాల్సిన మంచి మాట ఇంకొకటి ఉంది. 2021లో రాష్ట్రమంతా వేపచెట్లు కొసల నుంచి ఎండుతూ వచ్చినప్పుడు గేటు పక్కన మా వేప కూడా మాడిపోయింది. కొట్టేయమని నేనే అడిగాను. సూపర్‌వైజర్ గోటితో రెమ్మ గీరి కింద పచ్చగా ఉన్న పొర చూపించి, "ఇది ఫంగస్ మేడమ్, టీ దోమ అనే పురుగు గూడ తోడైంది. చెట్టు చావలే. ఎండు కొసలు తీసేస్త, ఎండాకాలం దాకా ఆగుండ్రి" అన్నాడు. చిగురించింది. కొట్టి ఉంటే వాళ్లకే డబ్బులొచ్చేవి. ఇంత తెలిసిన మనిషి మోడు దగ్గర నోరెందుకు మూసుకున్నాడన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మీది ఉప్పల్ వైపో, దిల్‌సుఖ్‌నగర్ వైపో చదును నేల అయితే నా గొడవ మీకు పట్టదు. మోడు మహా అయితే కాలికి తగులుతుంది, కొన్నేళ్లకి చెద తినేస్తుంది. హాయిగా పిలవండి. బంజారాహిల్స్, ఫిల్మ్‌నగర్, మా వైపు లాంటి వాలు మీద ఉండి, చెట్టుకీ ఆసరా గోడకీ మధ్య పదడుగులు కూడా లేకపోతే మాత్రం, చెట్టు కొట్టించే ముందే మేస్త్రీని కూడా పిలిచి చూపించండి. మా విషయంలో అయితే అంకుల్ మంచివారు, మేస్త్రీ తెలిసినవాడు, చేతిలో కాసిని డబ్బులున్నాయి. అందరికీ ఈ మూడూ కుదరకపోవచ్చు.

పెరట్లో ఇంకో మూలన గోడకి దగ్గరగా సుబాబుల్ ఒకటి లేచింది, ఈ వేసవిలో తీయించాలి. దాన్ని ఎంత కొట్టినా మళ్లీ చిగురిస్తుంది, కాబట్టి మోడు గొడవ ఈసారి ఇంకో రకం. కొట్టాక మోడుకి ఏం చేస్తారు, నీళ్లు ఎటు మళ్లిస్తారు, రెండేళ్ల వరకు వచ్చి చూస్తారా లేదా, ఇవన్నీ కొటేషన్‌లో రాసిమ్మన్నాను. "రాసిస్త మేడమ్, కాకపోతే దానికి రేటు వేరే పడతది" అన్నాడు. ఇస్తానన్నాను. కొటేషన్ ఇంకా రాలేదు.