చాక్లెట్ పుడ్డింగ్ పండు అన్నారు, మా ఇంట్లో జరిగింది వేరు

మయామీకి దక్షిణాన హోమ్‌స్టెడ్ వైపు వెళ్లినప్పుడు రోడ్డు పక్కన ఓ పండ్ల దుకాణంలో బ్లాక్ సపోటాలు ఆరు కొన్నాను, పౌండు ఐదు డాలర్లు. అట్టముక్క మీద 'చాక్లెట్ పుడ్డింగ్ పండు' అని రాసి ఉంది, పిల్లలు అది చదివాక ఇక కొనకుండా కదిలేదేముంది. చూడ్డానికి పచ్చి టమాటాలా ఉంటుంది, పైన నాలుగు రెక్కల ముచ్చిక.

మూడు రోజుల్లో పండుతుందన్నాడు అమ్మినాయన. నాలుగో రోజు ఆత్రం ఆగక ఒకటి కోశాను. నాలుక మొద్దుబారి నోరంతా వగరు! ఈ వగరు ఎక్కడో తెలిసినదేనే అనుకుంటుంటే గుర్తొచ్చింది, చిన్నప్పుడు కొత్తగూడెం అడవిలో తొందరపడి కొరికి ఉమ్మేసిన తునికికాయ. తీరా చూస్తే రెండూ నిజంగానే డయోస్పైరస్ అనే ఒకే ప్రజాతి చెట్ల కాయలు. పేరుకే సపోటా, మన సపోటాతో దీనికి దగ్గరి చుట్టరికమేమీ లేదు, మెక్సికో వైపు మెత్తని తీపి పండ్లు చాలావాటికి ఆ పేరే పెట్టేశారు.

మిగతా ఐదూ వంటింటి గట్టు మీద పెట్టి వాటి జోలికి పోలేదు. ఎనిమిదో రోజుకి నిగనిగలాడే ఆకుపచ్చ పోయి బురదరంగు తిరిగాయి, ముచ్చిక పైకి లేచింది, వేలితో నొక్కితే లోపలికి దిగబడింది. కుళ్లాయని మా ఆయన చెత్తబుట్టలో వేయబోతుంటే లాక్కున్నాను, తినాల్సింది అప్పుడే మరి. రెండుగా చీలిస్తే లోపల బండి ఇరుసుకు పూసే కందెనలా నల్లటి గుజ్జు, గోధుమరంగు గింజలు. చాక్లెట్ రుచి మాత్రం లేదండీ, ఎవరు చెప్పినా నమ్మకండి. బాగా మగ్గిన బొప్పాయిలో ఖర్జూరం కలిపినట్టు సన్నటి తీపి, పులుపన్నది లేక కాస్త చప్పగా అనిపిస్తుంది. మెక్సికోలో నారింజరసం కలిపి తింటారని చదివి, నేనూ నారింజ రసం తీసి కలిపి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టాను. అప్పుడు కుదిరింది! చాక్లెట్ ఏదని అలిగి కూర్చున్న చిన్నాడు గిన్నె నాకేశాడు.

ఐదింట్లో ఒకటి అడుగున పగిలి పులిసిన వాసన వచ్చింది, అది పారేశాను. పండుకి ఐదు మార్కులకి మూడున్నర, దుకాణానికి రెండే, ఎప్పుడు తినాలో సరిగ్గా చెప్పి అమ్మితే ఒక కాయ దండగయ్యేది కాదు కదా.