ముద్ద మంచులో నాలుగు చలికాలాలు: ఒక చిన్న వర్క్‌షాప్ స్కీల సంగతి

మధ్యాహ్నం రెండు దాటాక స్టీవెన్స్ పాస్ అనే స్కీ కొండ మీద మంచు ఎలా తయారవుతుందో సియాటెల్ చుట్టుపక్కల స్కీ చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దున పడ్డ కొత్త మంచును వందల మంది తొక్కేసి ఉంటారు. కాస్త ఎండ తగిలిందంటే ఒకచోట ముద్దలు, ఒకచోట గుంటలు, మధ్యలో బంకలా అంటుకునే చోట్లు. మా తెనాలి వైపు వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, దమ్ము చేసిన మడిలో పరిగెత్తమన్నట్టు ఉంటుంది. ఆ వేళలో కాళ్ల కింద అదరకుండా కూర్చునే స్కీ ఉంటే ఎంత సుఖమో నాలుగేళ్ల కిందటి వరకూ నాకు తెలియదు. నేను రాయాలనుకున్నది ఆ ఒక్క గుణం గురించే.

ముగ్గురు మనుషులు కలిసి నడిపే వర్క్‌షాప్‌లో చేసిన జత ఇది. పేరు రాయడం లేదు. మొదటి ఏడాది ఒక పొరపాటు జరిగింది, వాళ్లే సరిదిద్దారు. సరిదిద్దిన పొరపాటు వాళ్ల పేరుకు అంటుకుని ఉండిపోవడం నాకిష్టం లేదు. పొడవు 184 సెంటీమీటర్లు, నడుము, అంటే మధ్యలో వెడల్పు, 106 మిల్లీమీటర్లు, ఒక్కో స్కీ బరువు 2,150 గ్రాములు. లోపల చెక్క, దానికి పైనా కిందా ఫైబర్‌గ్లాస్. కార్బన్ లేదు, లోహపు రేకూ లేదు. ఇప్పటికి అరవై రోజులకు పైనే వాడాను. పోల్చి చూడటానికి నా దగ్గరే ఇంకో జత ఉంది. పెద్ద కంపెనీది, కార్బన్ వేసి తేలిక చేసింది, 180 పొడవు, 104 నడుము, ఒక్కోటి 1,700 గ్రాములు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌లు రెండింటికీ ఒకే రకం, బూట్లు ఎలాగూ అవే.

పోయిన ఫిబ్రవరిలో ఒక శనివారం రెండు జతలూ కారులో వేసుకుని వెళ్లాను. పన్నెండింటి దాకా తేలిక జత, భోజనం చేశాక బరువు జత. రెండింటితోనూ కొండ వెనకవైపు మిల్ వ్యాలీలో, సదరన్ క్రాస్ లిఫ్ట్ పక్కగా ఒకే దారిలో మూడేసి సార్లు దిగాను. తేలిక జత మీద మొదటి నాలుగు మలుపులు హాయిగా సాగాయి. తర్వాత ముద్దలు మొదలయ్యాయి. ఒక్కో ముద్ద తగిలినప్పుడల్లా టిప్, అంటే స్కీ ముందు కొస, టకటకమని కొట్టుకుంటుంది. ఆ అదురు బూటులోంచి ముంగాలి ఎముక దాకా వస్తుంది. స్కీ ఎడమకు తోసుకుపోతే నేను లాక్కురావాలి, లాక్కొచ్చేలోపు ఇంకో ముద్ద. మూడోసారి కిందికి చేరేసరికి తొడలు మండిపోయి, లిఫ్ట్ ఎక్కకుండా ఒక పక్కకు వెళ్లి నిలబడ్డాను.

భోజనం తర్వాత మంచు ఇంకా పాడైంది, అంటే పోలిక బరువు జతకే కష్టంగా ఉండాలి. కానీ మొదటి ముద్ద దగ్గరే తేడా చెవికి తెలిసింది. టకటక లేదు, దబ్ మని ఒక్క చప్పుడు, ముద్ద రెండుగా చీలిపోయింది. ధైర్యం చేసి ఒకసారి కిందికి చూశాను. టిప్ పైకి ఎగరకుండా మంచును ఆనుకునే పోతోంది. ఖాళీ ట్రాక్టర్ ట్రక్కు గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంది, అదే ట్రక్కులో వడ్ల బస్తాలు వేస్తే కూర్చుని పోతుంది. అచ్చం అదే తేడా. మూడుసార్లూ ఆగకుండా దిగాను, నాలుగోసారి కూడా వెళ్లాను.

కారణం సగం బరువే. మిగతా సగం లోపలి చెక్క, స్కీ అడుగున రెండు అంచులకూ ఉండే ఉక్కు ఎడ్జ్‌ల వెంట వాళ్లు అతికించిన సన్నటి రబ్బరు పట్టీ. దెబ్బను అక్కడికక్కడే మింగేస్తాయి. కార్బన్ బిగుతుగా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, తగిలిన దెబ్బను వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. మెత్తటి లోతు మంచులో ఆ చురుకుదనమే సరదా, ముద్దల్లో అదే శత్రువు. ఈ కాస్కేడ్ కొండల మీద మంచుకు లోటు లేదు. మౌంట్ బేకర్ స్కీ ఏరియాలో 1998-99 చలికాలంలో 1,140 అంగుళాలు పడింది, ఒక సీజన్‌కు అది ప్రపంచ రికార్డు. కాకపోతే గాలి పసిఫిక్ మీదుగా తడి మోసుకొస్తుంది, ఉష్ణోగ్రత చాలా రోజులు సున్నా దగ్గరే ఊగుతుంటుంది, అందుకే మంచు బరువుగా పడుతుంది. ఇక్కడివాళ్లు దీన్ని కాస్కేడ్ కాంక్రీట్ అనేది ఊరికే కాదు. ఇక్కడ పుట్టిన స్కీ ఇక్కడి మంచుకు సరిపోవాలన్నది నాకు సహజమైన కోరిక అనిపిస్తుంది. స్కీలు చేసే కే2 కూడా 1960ల్లో సియాటెల్ ఎదురుగా ఉన్న వాషాన్ ద్వీపంలో మొదలైన కంపెనీయే. తర్వాత తయారీ చైనాకు వెళ్లిపోయింది.

ఇంతవరకూ చదివితే మొదటి రోజు నుంచీ ఇంతే అనుకుంటారు. నిజానికి మొదటి చలికాలంలో పదిరోజులు వాడి, కనపడ్డ ప్రతివాడికీ వీటికి వంక పెట్టలేమని చెప్పాను. ఆ పదిరోజులూ కొత్త మంచే పడింది. ఆ మాట నేనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

జనవరిలో వారం పాటు మంచు పడలేదు. రాత్రి గడ్డకట్టి, పొద్దున తొమ్మిదింటికి హాగ్స్‌బ్యాక్ లిఫ్ట్ కింద మెషిన్‌తో చదును చేసిన దారి బల్లలా ఉంది. మొదటి మలుపు బాగానే మొదలైంది, ముగించబోతే మాత్రం తోక వదల్లేదు. నాగలి కర్రు గట్టి నేలలో ఇరుక్కున్నట్టు, వెనక భాగం మంచులో దిగి తను పోయే వైపే లాక్కుపోయింది. బలవంతంగా తిప్పితే ఉన్నట్టుండి వదిలేసింది, తుంటి మీద పడ్డాను. రెండోసారీ అంతే. అప్పటిదాకా మెత్తటి మంచులో ఈ లక్షణం పైకి కనబడలేదు.

నెలరోజులు తప్పు నాదే అనుకున్నాను. 184 నాకు పొడవు ఎక్కువైందేమో అనుకున్నాను. బైండింగ్ వెనక్కి బిగించారేమో అని గీత కొలిచాను, సరిగ్గానే ఉంది. డబ్బులు పెట్టి ఒక పూట పాఠం కూడా చెప్పించుకున్నాను. తోక దగ్గర ఎడ్జ్‌ను గమ్మీ స్టోన్ అనే రబ్బరు సానరాయితో మొద్దు చెయ్యమని ఒకాయన చెప్తే అదీ చేశాను. రెండు రోజులు కాస్త నయం, మళ్లీ మొదటికే. ఆ నెలలో ఈ జతను అమ్మేద్దామని ఫొటోలు కూడా తీసి పెట్టుకున్నాను.

చివరికి సియాటెల్‌లో ఒక రిపేరు షాపులో పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. నేను చెప్పేదంతా విని, మాట్లాడకుండా స్కీని బల్ల మీద బోర్లా పెట్టాడు. ట్రూ బార్ అనే ఉక్కు కడ్డీని బేస్‌కు, అంటే మంచు మీద జారే ప్లాస్టిక్ అడుగుకు, అడ్డంగా నిలబెట్టి, దాని వెనక లైటు పెట్టి నన్ను వంగి చూడమన్నాడు. బేస్ చదునుగా ఉంటే కడ్డీ కింద వెలుతురు రాకూడదు, వచ్చినా అంతటా ఒకేలా రావాలి. బూటు నిలబడే చోట సన్నటి గీతలా వచ్చింది. తోక వైపు జరుపుతున్న కొద్దీ ఆ గీత మధ్యలో లావెక్కింది. రెండు పక్కలా ఉక్కు ఎడ్జ్‌లు కడ్డీకి తగులుతున్నాయి, మధ్యలో ప్లాస్టిక్ లోపలికి దిగి ఉంది. పళ్లెం అంచుల్లా ఎడ్జ్‌లు పైకి లేచి ఉన్నాయన్నమాట. అలాంటి స్కీ పట్టాల మీద రైలులా పోతుంది, పక్కకు జారమంటే జారదు. నెలరోజుల నా కుస్తీకి కారణం ఆ వెలుతురు గీతే.

ఎందుకిలా అవుతుందో కూడా ఆయనే చెప్పాడు. స్కీని వేడి ప్రెస్‌లో ఎపాక్సీ జిగురుతో అతికిస్తారు. చల్లారేటప్పుడు పాలీఇథిలీన్ బేస్ ఉక్కుకంటే చాలా ఎక్కువ ముడుచుకుంటుంది. జిగురు పూర్తిగా గట్టిపడేదాకా కొన్నాళ్లు ఆరబెట్టి, అప్పుడు రాయి మీద గ్రైండ్ చేస్తే చదునుగా నిలుస్తుంది. తొందరపడి గ్రైండ్ చేస్తే ఆ రోజుకు చదునుగా ఉంటుంది, తర్వాత మధ్యలో దిగిపోతుంది. ఎంత పెద్ద కంపెనీ స్కీలలోనైనా అప్పుడప్పుడు ఇది తగులుతుందట.

రెండు రోజుల తర్వాత వచ్చి తీసుకెళ్లమన్నాడు. స్టోన్ గ్రైండ్ చేసి చదును తెచ్చి, బేస్ వైపు 1 డిగ్రీ, పక్క వైపు 2 డిగ్రీల కోణంలో ఎడ్జ్ కట్టాడు. ఖర్చు 110 డాలర్లు. ఇక్కడే నేను లెక్కలోకి తీసుకోని ఒక మంచి బయటపడింది. ఈ స్కీల బేస్ 1.8 మిల్లీమీటర్ల మందం, ఎడ్జ్‌లు కూడా లావు. కొన్నప్పుడు దాన్ని అమ్మకం మాటల కింద కొట్టిపారేశాను. అంత లోతుగా రాయి పెట్టినా ఇంకా చాలా మిగిలిందనీ, పల్చటి బేస్ అయితే ఇంత తీయడానికి ఆలోచించేవాడిననీ ఆయన అన్నాడు. ఎద్దుబండి చక్రానికి వేసే ఇనప పట్టా లావుగా ఉంటే ఎందుకు మంచిదో మా ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు. నేను ఆ సంగతి ఇక్కడ తెలుసుకున్నాను.

ఆ శనివారం మళ్లీ అదే హాగ్స్‌బ్యాక్, అదే గట్టి మంచు. మలుపు చివర బరువు తగ్గించగానే తోక వదిలేసింది. రెండో మలుపుకి, మూడో మలుపుకి కూడా. కింద ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, వెంటనే మళ్లీ లిఫ్ట్ ఎక్కాను.

వర్క్‌షాప్‌కు కడ్డీ ఫొటోలతో ఉత్తరం రాస్తే మర్నాడే ఫోన్ వచ్చింది. చేసిన మనిషే మాట్లాడాడు. ఆ అక్టోబరులో ఆర్డర్లు ఒత్తిడయి నా జతను తొందరగా గ్రైండ్ చేశామని దాచకుండా ఒప్పుకుని, 110 డాలర్లూ పంపాడు. ఆ నిజాయితీకి ఇప్పటికీ గౌరవం ఉంది. అయినా నా తుంటి నొప్పీ, పోయిన నెలా తిరిగి రావు కాబట్టి, చేత్తో చేసినవంటే కళ్లు మూసుకుని కొనొచ్చని మాత్రం ఇప్పుడు ఎవరికీ చెప్పను. ఇలాంటి చిన్న వర్క్‌షాప్‌ల దగ్గర ఎవరు కొన్నా బైండింగ్ బిగించేముందే కడ్డీ పెట్టించుకోండి. పది నిమిషాల పని.

ఇంకో రెండు విషయాలు. యూటాలో ఆల్టాకు వెళ్లినప్పుడు ఈ జతే పట్టుకెళ్లాను. అక్కడి మంచు పొడిగా, దూదిలా ఉంటుంది, తోయడానికి ముద్దలే లేవు. మధ్యాహ్నానికి నా తేలిక జత గుర్తొచ్చింది. అక్కడ వీటి బరువు నాకు బరువుగానే ఉంది.

రెండోది మా ఆఫీసు కుర్రాడి సంగతి. కరీంనగర్ పిల్లాడు, బాగా స్కీ చేస్తాడు. "ఒక్క రన్ నాకియ్యవా అన్నా" అని చాన్నాళ్లు అడిగాడు. ఇద్దరి బూట్ సోల్ కొలతా ఒకటే కాబట్టి, పడినప్పుడు బైండింగ్ బూటును వదిలేసే రిలీజ్ సెట్టింగ్‌ను షాపులో తన బరువుకు మార్పించి ఇచ్చాను. రెండు రన్లు చేసి వచ్చి "మంచిగున్నయ్ గానీ అన్నా, ఇవే నన్ను తీస్కపోతున్నయ్, నేను తీస్కపోతలేను" అన్నాడు. తను 61 కిలోలు, నేను 82. నాకు నిబ్బరంగా అనిపించిందే తనకు మొండితనంగా తగిలింది. అదే స్కీ 178 పొడవులో అయితే తనకు నచ్చేదేమో.

కాబట్టి నాలాగా బరువున్న మనిషై, సగం రోజులు తొక్కేసిన తడి మంచులోనే గడుపుతూ, ఏడాదికి పదిహేను రోజులైనా వెళ్లేవాళ్లయితే ఇవి నాకు దొరికినంత సుఖం ఇస్తాయనుకుంటాను. పొద్దున చదును దారుల మీద నాలుగు రన్లు చేసి ఇంటికొచ్చేవాళ్లకు ఇంత బరువు మోయమని చెప్పను.

ఈ నవంబరులో నేనే ఒక కడ్డీ కొని, గరాజ్‌లో టార్చ్ పెట్టి టిప్ నుంచి తోక దాకా చూశాను. ఎక్కడా వెలుతురు రాలేదు. వ్యాక్స్ పట్టించి గోడకు ఆనించాను, పాస్ మీద మొదటి తడి మంచు ఎప్పుడు పడుతుందా అని చూస్తున్నాను.