85 ఎంఎం ప్రైమా, 100 ఎంఎం మాక్రోనా?

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లను ఫొటోలు తీయాలనుకుంటే నేనైతే 85 ఎంఎం ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) కాకుండా 100 ఎంఎం మాక్రో, అంటే బాగా దగ్గర్నుంచి తీసే లెన్సే కొనమంటాను. మనిషి ముఖమూ కావాలి, చేతిలో కలమూ కావాలి కదా. 85 ఎంఎం ఎఫ్/1.8తో (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్‌లోంచి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది) ముఖం అద్భుతంగా వస్తుంది. కానీ దాదాపు 80 సెంటీమీటర్ల కంటే దగ్గరికి వెళ్తే చాలావాటికి ఫోకస్ పట్టదు. మాక్రో 30 సెంటీమీటర్ల దాకా రానిస్తుంది, వస్తువు సెన్సార్ మీద అసలు సైజులో పడుతుంది. వెదురుపుల్లకు చుట్టిన గుడ్డ, దాన్ని బిగించిన దారం, బట్టలోకి ఇంకుతున్న నల్లరంగు అంచు, అన్నీ నూలుపోగులతో సహా కనబడతాయి.

అంత దగ్గర్లో ఎఫ్/2.8 పెడితే ఫోకస్‌లో ఉండే మందం మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ మందం పెరగాలంటే ఎఫ్/11కి వెళ్లక తప్పదు, అప్పుడు వెలుతురు చాలదు. కలం కదులుతూనే ఉంటుంది కాబట్టి ట్రైపాడ్ ఒక్కటే సరిపోదు, చిన్న ఫ్లాష్ ఉండాలి.

మాక్రో పోర్ట్రెయిట్‌కు పనికిరాదనేది ఉత్తమాట. పెద్దవాళ్ల ముఖంలో ప్రతి ముడతా తేటగా వస్తుంది, నాకు అదే ఇష్టం. పెళ్లికూతురికి మాత్రం నచ్చకపోవచ్చు.

తిరుపతిలో తెల్లవారుజాము ముహూర్తాలు తీసేవాళ్ల లెక్క వేరు. మండపం లైట్లలో ఎఫ్/2.8 కంటే ఎఫ్/1.8కి రెట్టింపు పైగా వెలుతురు అందుతుంది. తలంబ్రాల వేళ మాక్రో ఫోకస్ ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది. ఫోకస్ వెతికే దూరాన్ని తగ్గించే లిమిటర్ స్విచ్ వేస్తే కొంత నయం. వాళ్లు 85 కొనుక్కుని, మెట్టెలు, తాళిబొట్టు క్లోజప్‌లకు ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగించే ఖాళీ గొట్టం) పెట్టుకుంటే చాలు. ట్యూబ్ ఉన్నంతసేపు దూరంగా ఉన్నవాళ్లకు ఫోకస్ కుదరదు, పని కాగానే తీసేయాలి.