బొలెరోకీ, జనరేటర్‌కీ జీపీఎస్ ట్రాకర్: వాడి చూశాక నా మాట

అల్లూరు దగ్గర మాకు రొయ్యల గుంటలున్నాయి. మేత, ఐసు, పట్టిన సరుకు అన్నీ మోసేది ఒక్క బొలెరో పికప్పే. దానికి ట్రాకర్ పెట్టించి మూడో ఏడు నడుస్తోంది. పెట్టించింది దొంగల భయంతో, పనికొచ్చింది మాత్రం వేరేదానికి.

ఇంతకుముందు ఒంగోలు వెళ్లిన డ్రైవర్‌కి ఎప్పుడు ఫోన్ చేసినా "టంగుటూరు టోల్‌గేట్ దాటేశానన్నా" అనేవాడు. ఇప్పుడు అడిగే పనే లేదు. ఐసు బండి కావలి దాటిందని ఫోన్‌లో చూసుకున్నాకే వల దించుతాం. ముందే పడితే ఎండకి రొయ్య మెత్తబడుద్ది, రేటు పడిపోద్ది. డీజిల్ దగ్గర రోజూ జరిగే రభస కూడా ఆగింది. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, నిలబెట్టి ఇంజిన్ ఎంతసేపు ఆన్‌లో ఉంచారో రిపోర్టులో ఉంటుంది. చాలాసార్లు డ్రైవర్ లెక్కే సరైందని తేలింది, అదీ చెప్పాలి.

చాలామంది అనుకున్నట్టు ఉపగ్రహం మన బండిని చూస్తూ ఉండదు. సుమారు 20,200 కి.మీ. ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు సిగ్నల్ పంపుతాయంతే. కనీసం నాలుగింటి సిగ్నల్ అందుకుని బండిలోని ట్రాకరే తన చోటు లెక్కగట్టుకుంటుంది. ఆ సంగతి మన ఫోన్‌కి చేర్చేది లోపలున్న సిమ్ము. అందుకే టవర్ అందని సముద్రం ఒడ్డు గుంటల దగ్గర మ్యాప్‌లో చుక్క కదలదు. సిగ్నల్ రాగానే దాచుకున్నవన్నీ ఒక్కసారిగా పంపుతుంది. కొనేముందు మీ ఊళ్లో ఏ సిమ్ పలుకుతుందో చూసుకోండి. జీపీఎస్ లాంటివే మన దేశానివి, నావిక్ ఉపగ్రహాలు, వాటినీ అందుకుంటుందని అమ్మినాయన చెప్పాడు గానీ, తేడా నాకైతే కనబళ్లా. అవి ఎగిరింది మన శ్రీహరికోట నుంచే. 2022లో ఆ ఊరు మా నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది, అది వేరే బాధ.

గుంటల దగ్గర జనరేటర్‌కి అయస్కాంతంతో అంటుకునే చార్జింగ్ ట్రాకర్ పెట్టా. రేకు పెట్టె లోపలైతే సిగ్నల్ అందదు, బయటైతే ఉప్పుగాలికి పిన్నులు చిలుం పడతాయి. మా మేనల్లుడు బ్లూటూత్ ట్యాగ్ తెచ్చాడు. పక్కన ఎవరిదో ఫోన్ ఉంటేనే అది ఆచూకీ చెప్పుద్ది, రాత్రిపూట గట్టు మీద ఫోనెవరిది?

బండి వారాల తరబడి కదలకుంటే ట్రాకర్ బండి బ్యాటరీని తాగేస్తుంది. ఏడాదికోసారి రీచార్జి తప్పితే యాప్ మూగబోద్ది. బొలెరోకైతే మళ్లీ ఇదే పెట్టిస్తా. జనరేటర్‌కి మాత్రం గొలుసు, తాళం వేస్తున్నా.