‘టెన్ ఇయర్స్ టుగెదర్’ ఎల్పీ కొన్నాక

పీటర్, పాల్ అండ్ మేరీ అనే అమెరికన్ ఫోక్ గ్రూపు పాటలు ఫోన్‌లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అయినా 1970లో వచ్చిన వాళ్ళ ఈ బెస్ట్ ఆఫ్ (ఏరి కూర్చిన పాటల) రికార్డు సెకండ్ హ్యాండ్‌లో కనబడేసరికి ఆగలేక కొనేశాను. అమ్మినాయన గీతల్లేవన్నాడు గానీ రెండో వైపు మొదట్లోనే టిక్కు టిక్కుమని చప్పుడు, కాబట్టి మీరు కొంటే మాత్రం లైటు కింద పట్టి చూసుకుని తీసుకోండి.

ముందు ‘ఫైవ్ హండ్రెడ్ మైల్స్’ పెట్టండి. హిందీ ‘జబ్ కోయీ బాత్ బిగడ్ జాయే’ బాణీ ఇదే, అందుకే మొదటిసారి విన్నా తెలిసిన పాటలాగే ఉంటుంది. ఒంటిమీద చొక్కా లేదు, చేతిలో పైసా లేదు, ఇలా ఇంటికెలా వెళ్ళను అనే చోట కూడా మేరీ ట్రావర్స్ గొంతు పెంచదు, మామూలుగా మాట్లాడినట్టే పాడేస్తుంది, నాకు అక్కడే గొంతు పట్టేస్తుంది.

1961లో న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో మేనేజర్ ఆల్బర్ట్ గ్రాస్‌మన్ ఏరికోరి కలిపిన ముగ్గురు వీళ్ళు. పాల్ అసలు పేరు నోయెల్, గ్రూపు కోసం మధ్యపేరు వాడుకున్నాడు. ఇలా ఒకరు కుదిర్చిన గ్రూపు ఎన్నాళ్ళుంటుందిలే అనిపిస్తుంది కదా, కానీ 1962లో మొదటి ఆల్బమే అమెరికా చార్టు బిల్‌బోర్డ్‌లో నంబర్ వన్, 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడిన ఆ వాషింగ్టన్ మార్చ్‌లోనే బాబ్ డిలన్ రాసిన ‘బ్లోయిన్ ఇన్ ద విండ్’ పాడారు.

నాకు నచ్చనిది వరుస. 1962 పాటలూ 1967 పాటలూ కలిపేశారు. జాన్ డెన్వర్ రాసిన ‘లీవింగ్ ఆన్ ఎ జెట్ ప్లేన్’ రెండేళ్ళు ఆల్బమ్‌లో ఓ మూల పడి ఉండి, 1969 డిసెంబరులో వాళ్ళ ఒకే ఒక్క నంబర్ వన్ సింగిల్ (విడిగా విడుదలైన పాట) అయింది, మరుసటి ఏడే విడిపోయారు. ఈ వరుసలో వింటే ఆ బాధ తెలీదు. 1978లో మళ్ళీ కలిసి, 2009లో మేరీ పోయేదాకా పాడిన కాలమైతే ఇందులో ఉండే అవకాశమే లేదు. అందుకే పూర్తిగా తెలుసుకోవాలంటే ముందు 1962 ఆల్బమ్ కొనండి, ఇది తర్వాత.

ఇందులోనే ఉన్న ‘పఫ్’ మత్తుమందు గురించిన పాట అని పుకారు. పీటర్ యారో కాదనే చెబుతూ వచ్చాడు, వింటే నాకూ కాదనే అనిపిస్తుంది. నేస్తం పెద్దవాడై రావడం మానేస్తే ఒంటరైపోయిన డ్రాగన్ కథ అది. మా ఆరేళ్ళ పాపకి అర్థం చెబుతూ వినిపించాను. అయిపోయాక "ఆ అబ్బాయి మళ్ళీ రాలేదా నాన్నా?" అంది. రాలేదమ్మా అన్నాను. కాసేపు ఊరుకుని, మళ్ళీ మొదటినుంచి పెట్టమంది.