తోస్తే వెనక్కి తిరిగే మోకాలు: 14 నెలల వాడకం తర్వాత

కరెంటు తీసేసి రోబో పాదాన్ని చేత్తో నెడితే, ఆ కదలిక మోటారు దాకా మెత్తగా వెళ్లాలి. నా నాలుగు కాళ్ల రోబోలో 14 నెలలుగా వాడుతున్న 6:1 ప్లానెటరీ గేర్‌బాక్స్‌లో (నడిమి గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగేది, మోటారు ఆరు చుట్లు తిరిగితే బయటికి ఒక చుట్టు) నాకు ప్రాణం ఆ గుణమే. అమెరికాలోని ఎంఐటీ వాళ్ల నాలుగు కాళ్ల రోబో మినీ చీతాలో ఉన్నదీ ఇదే నిష్పత్తి, దాన్ని చూసే నాది గీసుకున్నాను.

అంతకుముందు 50:1 గేర్లున్న మోటార్లు వాడాను. గేర్ నిష్పత్తి ఎంతైతే, కాలి దగ్గర మోటారు జడత్వం దాని వర్గమంత పెరుగుతుంది. 50కి 2500 రెట్లు, 6కి 36 రెట్లే. కాలు నేలను తాకగానే ఆ మొండితనానికి తగిన దెబ్బ గేరు పళ్ల మీద పడుతుంది. హనుమకొండలో మా ఇంటి అరుగు మీంచి దూకించిన రెండో రోజే పాతదాంట్లో మూడు పళ్లు ఊడిపోయాయి. కొత్తది అదే అరుగు మీంచి ఎన్నిసార్లు దూకిందో లెక్కపెట్టడం మానేశాను. పన్ను ఒక్కటి విరగలేదు.

చెడిపోనివి పళ్లు మాత్రమే, అది నాకు ఆలస్యంగా తెలిసింది. ఏడో నెలలో వెనక ఎడమ మోకాలు నిలబడ్డ చోటే వణకడం మొదలుపెట్టింది. మోటారు ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్ లెక్కలు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి తప్పు కోడ్‌లోనే ఉందనుకుని మూడు వారాలు గెయిన్లు (తేడా వస్తే మోటారు ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పే అంకెలు) మారుస్తూ కూర్చున్నాను. ఒక రాత్రి విసుగొచ్చి మోటారును కదలకుండా పట్టుకుని పాదాన్ని ఊపితే దాదాపు 3 మిల్లీమీటర్లు ఊగింది. పిక్క పొడవు 20 సెంటీమీటర్లు, అంటే మోకాలి దగ్గర డిగ్రీకి కాస్త తక్కువ లూజు. ఎన్‌కోడర్ ఉన్నది మోటారు వెనక. గేర్లలో వచ్చిన లూజు దానికి కనబడే దారే లేదు.

ములుగు రోడ్డులో లేత్ పని చేసే కాకా దగ్గరికి తీసుకెళ్లాను. నల్లబడ్డ గ్రీజు తుడిచి, చిన్న గేర్లను పట్టి ఉంచే ప్లానెట్ క్యారియర్‌ను వెలుతురుకు పట్టి చూశాడు. "పండ్లు మంచిగనే ఉన్నయ్ బిడ్డా. పిన్ను బొక్క చూడు, కోడిగుడ్డు లెక్కయింది" అన్నాడు. బరువు తగ్గుతుందని ఆ చిన్న గేర్లు తిరిగే పిన్నులను అల్యూమినియం పలకలో ఒకవైపే బిగించాను. అడుగు పడ్డప్పుడల్లా పిన్ను కొస ఊగి రంధ్రాన్ని తొలిచేసింది. కాకా రెండో వైపు కూడా పలక పెట్టి, రంధ్రాల్లో స్టీలు బుష్‌లు (గొట్టంలాంటి తొడుగులు) దింపాడు. కాలికి 18 గ్రాములు పెరిగింది, వణుకు పోయింది.

వేడి సంగతీ చెప్పాలి. నిష్పత్తి తక్కువ కాబట్టి ఊరికే నిలబడటానికి కూడా మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది. మే నెల మధ్యాహ్నం డాబా మీద పది నిమిషాలు నిలబెడితే మోటారు మీద చెయ్యి పెట్టలేం. ఎండాకాలం టెస్టింగ్ అంతా తెల్లారుజామునే చేస్తున్నాను.

నా రోబో 9 కిలోలు. బరువులు మోయదు, దూకడం, పరిగెత్తడమే దాని పని. ఆ పనికి నేను మళ్లీ 6:1 గీస్తాను, పిన్నులను రెండు వైపులా పట్టి. పొలంలో సంచి మోస్తూ గంటలు నిలబడాల్సిన రోబో అయితే ఇంకాస్త ఎక్కువ నిష్పత్తి చూసుకోవాలేమో, ఆ పని నేను చేయలేదు.

ఇప్పుడు ఆదివారం ఆదివారం నాలుగు పాదాలూ ఊపి చూస్తాను. మొన్న చూసినప్పుడు ఆ ఎడమ కాలిలో లూజు అర మిల్లీమీటరు ఉంది.